రాజుగారి నీళ్లు, నాచమ్మ మల్లెపొద

ఒకానొక రాజ్యంలో రాళ్లెక్కువ, వానలు తక్కువ, రాజుగారి బిరుదులు మాత్రం లెక్కకు మించి ఉండేవి. ఆ రాజ్యం పేరు రాళ్లవీడు. ఏలే ప్రభువు ఉద్దండరాయలు. ఆయన సభకు వేంచేసేటప్పుడు వందిమాగధులు బిరుదులు చదవడం మొదలుపెడితే, అవి అయ్యేసరికి సభలో సగంమంది కునికిపాట్లు పడుతుండేవాళ్లు. మిగతా సగం అప్పటికే ఒక కునుకు తీసి లేచి ఉండేవాళ్లు.

మనిషి చెడ్డవాడా అంటారా? అబ్బే, నేనలా అనను. ఎవరి పొలమూ లాక్కోలేదు, ఎవరినీ ఊరికే కొట్టించలేదు. కాకపోతే తానంటే తనకు మహా మురిపెం. ఆ మురిపెం వల్లే వచ్చింది చిక్కంతా.

కోట లోపల రాతిలో తొలిచిన బావి ఒకటుండేది. ఎంత ఎండలు కాసినా దాని ఊట తగ్గేది కాదు. ఎద్దులు మోట లాగేవి, గంగాళాలు నిండేవి, ఆ గంగాళాలన్నీ రాజుగారి నెత్తిన పడేవి. ఆయన పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం జలకమాడేవాడు. ఒకప్పుడు అందరిలాగే రోజుకొక్కసారే పోసుకునేవాడట. ఈ మూడు పూటల స్నానమన్నది ఆ తర్వాతెప్పుడో పట్టుకున్న అలవాటు. ఎందుకు పట్టుకుందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

అక్కడితో ఆగినా బాగుండును. ధర్మాధికారి శంభుభట్టు అని ఒకాయన ఉండేవాడు. రాజు తుమ్మితే దానికీ ఒక ధర్మం చెప్పగల ఘనుడు. ఆయన ఒక శాసనం చేయించాడు. రాజుగారి ఒంటిని తాకిన నీరు రాజుగారితో సమానమట. దాన్ని ఎవరూ తాకరాదు, తొక్కరాదు, మరొక పనికి వాడరాదు. వింటున్నారా? స్నానాల తిన్నె మీంచి జారిన మురికినీళ్లకు రాజమర్యాదలు మొదలయ్యాయి.

ఆ నీళ్లు కోటగోడ కింది తూములోంచి బయటపడి, వెనకవీధి పెరళ్ల వెంట రాతికాలువలో సాగి, ఊరి చివర గబ్బిలాల లోయ అంచుకు చేరేవి. అవి పారినంతసేపూ వాటి పక్కనే ఒకడు డప్పు కొడుతూ, ఇద్దరు భటులు వెండిపొన్నుల కర్రలు పట్టుకుని నడిచేవాళ్లు.

"బహుపరాక్! ప్రభువులవారి జలకం వేంచేస్తోంది! తప్పుకోండి, తప్పుకోండి!"

వెనకవీధి జనం నాలుక పిడచకట్టుకుపోతున్నా, ఖాళీ బిందెలు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. లోయ అంచున భటులు వంగి దండం పెట్టి నీళ్లను వదిలేసేవాళ్లు. కింద కాలిపోతున్న ఎర్రబండల మీద అవి చుయ్యిమని పడి, చూస్తుండగానే ఆరిపోయేవి.

ఊరికి నీళ్లెందుకు లేవంటే, అదొక కథ. వెనకవీధికి ఎగువన రాజుగారి తాతగారు తవ్వించిన కుంట ఒకటుండేది. కొండ మీద కురిసిన వాన చుక్క కూడా పక్కకు పోకుండా అందులో చేరేది. దాని ఊటతోనే కింద బావులన్నీ బతికేవి. ఒక సాయంత్రం ఉద్దండరాయలు ఆ కుంటగట్టు మీద నిలబడి తన రూపం నీళ్లలో చూసుకున్నాడట. గాలి వీచింది. నీళ్లు కదిలాయి. రాజుగారి ముక్కు వంకర పోయింది. అంతే, మర్నాడు మట్టిబండ్లు వచ్చాయి. "నా ముక్కును వంకర తిప్పే నీరు నా రాజ్యంలో ఉండరాదు" అని ఆజ్ఞ. కుంట పూడ్చి, ఏనుగుల కవాతుకు మైదానం చేశారు. ఆ తర్వాత వాన కురిసినా ఆ చదును మీద నుంచి జారి, ఊరు దాటి, ఎటో పోయేది.

ఆ ఏడే మహారాణి పుట్టింటికి వెళ్లింది. తిరిగి రాలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

ఇప్పుడు మన మాచన్న దగ్గరికి వద్దాం. మాచన్న ఆస్థానంలో హాస్యగాడు. రాజుగారిని నవ్వించడం అతని కొలువు. నిజం చెప్పాలంటే రాజుగారు నవ్వడం మానేసి చాన్నాళ్లయింది. మీసం చివర కొద్దిగా కదిలితే చాలు, ఆ పూటకు నవ్వినట్టే లెక్క. మాచన్న ఇల్లు వెనకవీధిలో, సరిగ్గా ఆ రాతికాలువను ఆనుకునే ఉండేది.

అతని భార్య నాచమ్మ. మేనమామ కూతురే. ఏటిఒడ్డు పల్లెలో నీళ్లలో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. కాపురానికి వచ్చిన నాడు పుట్టింటి మల్లెకొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టి తెచ్చి, పెరట్లో నాటుకుంది. అది గుబురుగా పెరిగి, ప్రతి వేసవికీ పెరడంతా తెల్లగా చేసేది. కుంట పోయాక బావి అడుగంటింది. పొద ఎండి, చీపురుకట్టలాగా అయిపోయింది.

ఆ వేసవి మొదట్లో ఒక పొద్దున నాచమ్మ చేద వేసి తోడితే బురద వచ్చింది. ఆమె చేదను అక్కడే వదిలేసి, లోపలికి వెళ్లి బట్టల మూట కట్టుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు మాచన్న.

"మా ఊరికి."

"ఉన్నపళంగానా? నేనేం చేశాను నాచీ?"

"ఏం చేశావా? ఏమీ చెయ్యలేదు బావా. అదే నా బాధ. రోజూ ఆ మహారాజుకు ఎదురుగా నిలబడతావు. లోకంలో ఉన్న కబుర్లన్నీ చెబుతావు. కుంట తవ్వించండి ప్రభూ అని ఒక్కమాట అనలేకపోయావు. నీ చమత్కారం వింటే సభ నవ్వుతుందేమో గాని, బావిలో ఊట వస్తుందా?"

ఊరందరికీ మాటలు అప్పిచ్చేవాడికి ఆ పూట ఒక్కటీ దొరకలేదు.

నాచమ్మ పెరట్లోకి వెళ్లి ఎండిన పొదను ఒకసారి నిమిరింది. కళ్లు తుడుచుకుంది. "ఇది మొగ్గ తొడిగిన నాడు కబురు పెట్టు. ఆ రోజు వస్తాను. అందాకా నా ఊసెత్తకు" అని బండెక్కింది.

ఆమె పోయాక ఆ ఇల్లు ఇల్లులా లేదు. మాచన్న సభలో నలుగురిని నవ్వించి వచ్చి, గడపలో కూర్చుని, తలుపు సందులోంచి వంటింటి వైపు చూస్తుండేవాడు. ఆమె రోకలి మూలన ఆనించి ఉంది. ఆమె దువ్వెన గూట్లో ఉంది, పళ్ల మధ్య ఒక వెంట్రుక ఇంకా చుట్టుకుని ఉంది. దాన్ని తీసి పారేయడానికి అతనికి మనసొప్పలేదు. వీధిలో ఏ మెట్టెల చప్పుడు వినిపించినా లేచి నిలబడేవాడు. పక్కింటావిడ వెళ్లిపోయాక మళ్లీ కూర్చునేవాడు.

అన్నిటికన్నా ఎక్కువగా గుర్తొచ్చేవి ఆమె తిట్లు. "బియ్యం కడిగిన నీళ్లు వీధిలోకి విసిరావా? నీ చేతులు పడిపోను! అవి గిన్నెలకు పనికొస్తాయి. గిన్నెలు కడిగినవి పాదుకు పనికొస్తాయి. రెండు పనులు చెయ్యగల నీటిని ఒక్క పనికే చంపేస్తావా?" అని అరిచేది. అప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ మాటలు మళ్లీ ఎవరన్నా అంటే కాళ్లకు దండం పెట్టాలనిపించేది.

కోటవాకిట ఇంటికొక బిందె చొప్పున నీళ్లు పోసేవాళ్లు. మాచన్న ఆ బిందెతోనే, ఆమె చెప్పినట్టే చేశాడు. బియ్యం కడిగిన నీళ్లు దాచాడు. స్నానమైతే మల్లెపాదులో నిలబడే రెండు ముంతలు పోసుకునేవాడు. ముఖం కడిగినా పొద మీదే. అయినా ఎండలు ఎండలే. ఆ కాసిని నీళ్లకు వేరు మాత్రం చావకుండా ఉంది. గిచ్చి చూస్తే బెరడు కింద సన్నగా పచ్చగీత కనిపించేది.

ఒక మధ్యాహ్నం అతను పాదు పక్కన కూలబడి ఉన్నాడు. గోడకు అవతల డప్పు మోగింది. "బహుపరాక్!" అంటూ రాజుగారి నీళ్లు గలగలమని పోతున్నాయి. గోడకు ఇవతల చుక్క లేక ప్రాణం పోతున్న మల్లెపొద. మాచన్నకు ఒళ్లు మండింది. నవ్వూ వచ్చింది. లేచి, గోడ అడుగున ఒక రాయి కదిపి, వెదురుబొంగు ఒకటి కాలువలోకి దూర్చాడు. భటుల చప్పుడు దూరం పోయాక రెండు చేతులూ జోడించి మెల్లగా అన్నాడు:

"ప్రభూ, ఎండన పడి పోతున్నారు. పేదవాడి పెరట్లో ఒక్క క్షణం వేంచేసి పొండి."

బొంగులోంచి నీళ్లు బుడబుడమంటూ వచ్చి పాదు నింపాయి. అతను ఆ తడిమట్టి వాసన పీల్చి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అలా రోజూ జరిగింది. పొద చిగురు పట్టింది. చిగుళ్లు ఆకులయ్యాయి. ఒక తెల్లవారి లేచి చూస్తే ఆకుల సందున తెల్లగా, బియ్యపుగింజంత, మొగ్గ! మాచన్న పైగుడ్డ గాలిలోకి ఎగరేసి, కిందపడకుండా పట్టుకుని, ఏటివైపు పోయే ఉప్పుబండి వాడి దగ్గరికి పరిగెత్తాడు. "మొగ్గ తొడిగిందని చెప్పు. ఆ ఒక్కమాటే చాలు."

బండివాడు తిరిగి వస్తూ జవాబు తెచ్చాడు. "ఎల్లుండి సాయంత్రానికి వస్తున్నా. పొద మీద మొగ్గ కనిపించకపోతే ఎక్కివచ్చిన బండి ఎద్దులు విప్పకుండానే వెనక్కి పోతా" అందట. అందంటే అన్నంత పనీ చేసే మనిషి. మాచన్నకది తెలుసు.

ఈలోగా పొద నిండా మొగ్గలొచ్చి, కొన్ని విచ్చుకున్నాయి కూడా. చేటు తెచ్చింది ఏమిటంటే, వాసన. ఊరంతటిలో పూవన్నది లేని వేసవి అది. మర్నాడు సాయంత్రం రాజుగారు తిన్నె మీద కూర్చుని ఉండగా పెరళ్ల వైపు నుంచి గాలి వచ్చింది. నౌకరు ఎత్తిన గంగాళం ఎత్తినట్టే ఉండిపోయింది, ఎందుకంటే రాజుగారు చెయ్యెత్తి ఆపాడు.

"మల్లెలు" అన్నాడాయన. గాలి వచ్చిన వైపు తిరిగి కూర్చున్నాడు.

శంభుభట్టు ఊరుకుంటాడా? ముక్కు ఎగబీలుస్తూ వాసన వెంట బయల్దేరాడు. వెదురుబొంగు దొరికింది. మర్నాడు మధ్యాహ్నం మాచన్నను సభకు లాక్కొచ్చారు. నాచమ్మ రావలసినది ఆ సాయంత్రమే.

"ప్రభూ!" శంభుభట్టు గొంతు సభ కప్పు తాకింది. "ఈ మాచన్న ఏలినవారితో సమానమైన జలాన్ని దొంగిలించాడు. పెరట్లోకి లాక్కెళ్లి, మట్టిలో కలిపి, చెట్టుకు పోశాడు. ఇంతకన్నా అవమానం ఉందా? ఆ పొదను వేళ్లతో పెకిలించి లోయలో పారేయించండి. ఇతగాడిని పొలిమేర దాటించండి."

పొద పెకిలించడమన్న మాటే మాచన్నను భయపెట్టింది. పొలిమేర దాటమంటే దాటి, నాచమ్మ ఊరికే నడిచిపోవచ్చు. కాని పొద లేకుండా ఏ ముఖం పెట్టుకుని పోతాడు?

ఉద్దండరాయలు మీసం సవరించాడు. "ఏమోయ్ మాచన్నా, నన్ను నీ పెరట్లోకి లాక్కెళ్లేంత మొనగాడివయ్యావా?"

"రామ రామ! ఏలినవారిని లాక్కెళ్లే చెయ్యి ఈ భూమ్మీద పుట్టలేదు ప్రభూ. నేను పిలిచాను. తమరు దయచేశారు."

"ఎప్పుడు?"

"రోజూ. భట్టుగారి శాసనం ప్రకారం ఆ నీరు సాక్షాత్తూ తమరే కదా? తమరు మిట్టమధ్యాహ్నం ఎండలో, మా పెరటిగోడ పక్కగా నడిచిపోతుంటే, లోపలికి రండి అనకుండా కూర్చునేవాడు గృహస్థా? నేను దండం పెట్టి రమ్మన్నాను. వచ్చారు. మల్లెపొద నీడన కూర్చున్నారు. వెళ్లమనడానికి నేనెంతటివాణ్ణి?"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. శంభుభట్టు ఎర్రబడ్డాడు. "చూశారా ప్రభూ, పిడివాదం! లోయకు సాగనంపవలసిన జలాన్ని..."

"ఆ, అక్కడికే వస్తున్నాను" అన్నాడు మాచన్న. "భట్టుగారూ, నేను పిలిచిన ప్రభువులు మా పెరట్లో చల్లగా ఉన్నారు. మీరు తీసుకెళ్లిన ప్రభువులు ఎక్కడున్నారు?"

"లోయలో."

"లోయలోకి ఎలా దిగారు? మెట్లున్నాయా?"

"మెట్లేమిటి? అంచున వదిలేస్తాం."

"వింటున్నారా ప్రభూ? తమరిని అంచుదాకా డప్పు కొట్టి నడిపించి, దండం పెట్టి, కిందికి వదిలేస్తున్నారట. పూటపూటకీ. ఎర్రగా కాలిన బండల మీదికి. నేను తమరికి నీడనిచ్చాను, భట్టుగారు తమరిని కొండ మీంచి తోశారు. ఇద్దరిలో రాజద్రోహి ఎవరో సభే చెప్పాలి."

ఉద్దండరాయలు నెమ్మదిగా శంభుభట్టు వైపు తిరిగాడు. "ఏమయ్యా భట్టూ, నన్ను లోయలోకి తోయిస్తున్నావా?"

"ప్రభూ, అది... అది ఆచారం..."

"ఇంకొక్క మనవి" అన్నాడు మాచన్న, ఊపిరి తిప్పుకోనివ్వకుండా. "తమరిప్పుడు ఆ పొద వేళ్లలో, ఆకుల్లో ఉన్నారు. దాన్ని పెకిలించడానికి చెయ్యెత్తేవాడెవడో ముందుకు రమ్మనండి. నేనూ ఆ వీరుణ్ణి కళ్లారా చూస్తాను."

ఎవరూ కదల్లేదు. పొద బతికింది. మాచన్న కళ్లు మూసుకుని, హమ్మయ్య అనుకున్నాడు. కాని శంభుభట్టు కూడా తక్కువవాడు కాదండీ. రాజసభల్లో నెరిసిన తల అది.

"నిజమే ప్రభూ" అన్నాడు, గొంతులో తేనె పోసుకుని. "పొదలో ఏలినవారున్నారు. అలాంటప్పుడు దాని పూలలోనూ ఏలినవారే ఉన్నారు. ఏలినవారిని ఒక హాస్యగాడి పెళ్లాం కొప్పులో తురుముకుంటుందా? ఆ మొగ్గలన్నీ కోసి కోటకు తెప్పించండి. రేపటివీ, ఎల్లుండివీ కూడా."

రాజుగారికి ఆ మాట నచ్చింది. "అవును, పూలన్నీ నావే. కోసుకురండి."

భటులు పరుగెత్తారు. మాచన్నకు తాను అల్లిన వల తన కాళ్లకే చుట్టుకుంది. పొద మీద మొగ్గ లేకపోతే ఆమె బండి ఎద్దులు విప్పనివ్వదు. పొద్దు అప్పుడే పడమటికి వాలుతోంది. ఆమె బండి ఏ దారిలో ఉందో, ఏ చెట్టు కింద ఎద్దులను ఆపిందోనని అతని మనసు అక్కడే తిరుగుతోంది.

బుట్ట వచ్చింది. వాసన సభంతా కమ్ముకుంది. ఉద్దండరాయలు ఒక మొగ్గ తీసి, అరచేతిలో పెట్టుకుని, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. సభ ఉందన్న సంగతే మరిచినట్టున్నాడు. మాచన్న ఆ ముఖం చూశాడు. ఆ చూపు అతనికి కొత్త కాదు. గూట్లోని దువ్వెనను రోజూ తాను చూసే చూపే అది.

అప్పుడతనికి అర్థమైంది. మాట మెత్తబడింది.

"ప్రభూ, భట్టుగారు చెప్పింది న్యాయం. ఈ పూలలో తమరున్నారు. నా నాచికి ఇవి తగవు. కాని తమరిని నెత్తిన పెట్టుకునే హక్కు లోకంలో ఒక్కరికే ఉంది. ఆ తల్లి ఊళ్లో లేరు."

సభ బిగుసుకుపోయింది. ఈ మాటకు మాచన్న తల పోతుందని అందరూ అనుకున్నారు.

"అందరూ బయటికి నడవండి" అన్నాడు రాజు. "మాచన్నా, నువ్వుండు."

తలుపులు పడ్డాక ఉద్దండరాయలు సింహాసనం దిగి, మెట్టు మీద మామూలు మనిషిలా కూర్చున్నాడు.

"ఆవిడ నవ్వింది మాచన్నా" అన్నాడు.

"ఎప్పుడు ప్రభూ?"

"ఆ రోజు, కుంటగట్టు మీద. రోజూ సాయంత్రం ఇద్దరం అక్కడే కూర్చునేవాళ్లం. గాలికి నీళ్లు కదిలి, నా ముక్కు వంకర పోయింది. ఆవిడ పకపకా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. కుంట పూడ్పించాను. ఆవిడకు ఆ కుంట ప్రాణం. ఒక్కమాట అనకుండా పల్లకీ ఎక్కింది."

"తమరు పిలవలేదా?"

"ఏమని పిలవను? మట్టిదిబ్బ చూపించి రమ్మననా? మొహం చెల్లలేదు. ఏ పూటా తోచదు, సాయంత్రమైతే మరీను. తిన్నె మీద కూర్చుని నీళ్లు పోయించుకుంటాను. నీళ్ల చప్పుడు వింటే కుంట పక్కన ఉన్నట్టుంటుంది."

ఇంత గొప్ప రాజు రోజుకు మూడు పూటలు ఎందుకు తడుస్తున్నాడో మాచన్నకు ఆ మాటతో తెలిసింది. నవ్వించే మాటేదీ నోటికి రాలేదు. రాకపోవడమే మంచిదయింది.

"ప్రభూ, ఒక్కటి అడగనా? ఆ నవ్వు వెక్కిరింపా, ముద్దా?"

రాజు చేతిలోని మొగ్గను తిప్పి చూశాడు. "అప్పుడు వెక్కిరింపనుకున్నాను. ఇప్పుడేదైనా సరే, ఒక్కసారి వింటే చాలనిపిస్తోంది." బుట్ట దగ్గరికి లాక్కున్నాడు. "ఇవి ఆవిడకు పంపిస్తాను."

"దారిలోనే వాడిపోతాయి ప్రభూ. మా ఆవిడకు నేను పూలు పంపలేదు. పొద మొగ్గ తొడిగిందని కబురు పంపాను. అలాంటి కబురు తమ దగ్గర ఒకటుంటే, పల్లకీ అదే వస్తుంది."

"నా తోటలో గడ్డిపోచ లేదు కదా!"

"వాన వచ్చినప్పుడు పట్టి ఉంచే కుంట లేదు. వాడిన నీళ్లేమో లోయ పాలు. ఇక గడ్డిపోచ ఎక్కడినుంచి వస్తుంది? ఏనుగులు ఇంకెక్కడైనా నడవగలవు ప్రభూ, కుంట మళ్లీ తవ్వించండి. వానలు వచ్చేదాకా తమ స్నానం నీళ్లను వెనకవీధి పెరళ్లలోకి వదలండి."

రాజుగారి మెడ మళ్లీ నిటారైంది. "నేను వాడిన నీళ్లు ఊళ్లోవాళ్లు వాడితే నాకు చిన్నతనం కాదూ?"

"అదేమిటి ప్రభూ! ఇప్పుడు తమరు ఒక్క కోటలోనే ఉన్నారు. రేపు ప్రతి పెరట్లోనూ ఉంటారు. ఒక ఇంట్లో మల్లెపొద, ఒక ఇంట్లో కరివేపచెట్టు, ఆ మూల పుల్లమ్మ ఇంట్లో పందిరి నిండా ఆనపకాయలు..."

"ఆనపకాయనా? నేను ఆనపకాయనా?"

"నున్నగా, నిండుగా ఉంటుంది ప్రభూ. పైగా ముక్కన్నది ఉండదు. వంకర పోతుందన్న బెంగే లేదు."

ఉద్దండరాయలు కళ్లెర్రజేశాడు. మీసం చివర కదిలింది. రెండో చివరా కదిలింది. ఆపై పొట్ట కదిలింది. పట్టుకుందామని చూశాడు, వశం కాలేదు. మెట్టు మీద వెనక్కి వాలి, కిరీటం పక్కకు ఒరిగిపోగా, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తలుపు బయట చెవులొగ్గి ఉన్న సభంతా అదేమి చప్పుడోనని హడలిపోయింది.

"ఏం కావాలో కోరుకో మాచన్నా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "అగ్రహారమా? బంగారమా?"

"దోసెడు మొగ్గలు ప్రభూ. అవీ ఇప్పుడే. బండి వచ్చేస్తుంది."

రాజు బుట్ట మొత్తం అతని చేతుల్లో పెట్టాడు. "పొద నీదే, పూలూ నీవే. నేటినుంచి తూము అధికారం కూడా నీదే. నీళ్లు ఏ పెరట్లోకి ఎప్పుడు వదలాలో నువ్వే చెప్పు." ఆగి, తలుపు వైపు చూశాడు. "డప్పు మాత్రం మానవద్దు. అది శంభుభట్టు మోసుకుంటాడు."

మాచన్న సగం మాట విని సగం వినకుండా పరుగు తీశాడు. వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు బండి ఆగి ఉంది. ఎద్దులు ఇంకా విప్పలేదు. పెరట్లో నాచమ్మ పొద ముందు నిలబడి ఉంది. పొద నిండా ఆకులే, మొగ్గ ఒక్కటీ లేదు.

"ఇదా బావా నీ కబురు?" అంది, వెనక్కి తిరగకుండా. "నాతో కూడా చమత్కారమేనా?"

మాచన్న బుట్ట ఆమె ముందు పెట్టాడు. అప్పటికి పొద్దు వాలింది, మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. నాచమ్మ బుట్టను చూసింది. కొమ్మల మీద తుంచిన చోట పచ్చిగా ఉన్న తొడిమలను చూసింది. పాదులో చెయ్యి పెట్టి తడి చూసింది. ఆ తర్వాత అతన్ని చూసింది.

"చిక్కిపోయావు" అంది.

"నువ్వు లేవు కదే" అన్నాడు. అంతకుమించి చమత్కారమేదీ అతనికి తోచలేదు. ఆమెకూ అక్కర్లేకపోయింది. లేచి వెళ్లి బండివాణ్ణి ఎద్దులు విప్పుకోమంది.

మర్నాటినుంచి వెనకవీధిలో డప్పు వేరేగా మోగింది. శంభుభట్టు చెమటలు కక్కుతూ ముందు నడుస్తూ, "పుల్లమ్మగారూ, పాదు తవ్వుకోండి! నీళ్లొస్తున్నాయి!" అని గొంతు చించుకునేవాడు. ఆయనకు ఆ వీధివాళ్లందరి పేర్లూ అప్పుడే తెలిశాయి. కవాతు మైదానంలో పలుగులు దిగాయి. మొదటి గంప మట్టి రాజుగారే ఎత్తారని చెప్పుకుంటారు. నాకైతే నమ్మబుద్ధి కాదుగాని, వెనకవీధివాళ్లు ఒట్టు పెట్టి మరీ చెబుతారు.

వానలొచ్చాయి. కొండ మీది నీరంతా వచ్చి కుంటలో చేరింది. "కుంట నిండింది" అన్న ఒక్కమాటతో దూత వెళ్లాడు, పల్లకీతో తిరిగి వచ్చాడు.

ఆ సాయంత్రం రాజూ రాణీ కుంటగట్టు మీద కూర్చున్నారు. ఇంతలో గాలి వీచింది. నీళ్లు కదిలాయి. రాజుగారి ముక్కు నీళ్లలో అటు సాగి, ఇటు వంగి, నానా వంకరలూ పోయింది. మహారాణి చప్పున పెదవులు బిగబట్టి మొహం పక్కకు తిప్పుకుంది.

"నవ్వు" అన్నాడు ఉద్దండరాయలు. "ఎన్నాళ్లయిందో విని. నవ్వు."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు విని ఆయనా నవ్వాడు. బిరుదులన్నీ మరిచిపోయి, మోకాలు చరుచుకుంటూ నవ్వాడు. ఆ చప్పుడు గట్టు దిగి వెనకవీధి పెరళ్లదాకా వచ్చింది.

పెరట్లో మాచన్న బియ్యం కడుగుతున్నాడు. చెయ్యి ఆపి విన్నాడు.

"నా కొలువు పోయినట్టే నాచీ. ఆయన్ని నవ్వించడానికి ఇక నేనక్కర్లేదు."

"పోతే పోయింది" అంది నాచమ్మ, కొప్పులో మల్లెలు సర్దుకుంటూ. "ఆ కడుగునీళ్లు పారబోసేవు, ఇటివ్వు. గిన్నెలున్నాయి."